యేసు ఎవరని మీ ఇంట్లో చెప్పుకుంటారు? ఒక సండే స్కూల్ టీచర్ ప్రశ్న

తెనాలి టీచర్:

అందరికీ వందనాలు. మాది తెనాలి. వారమంతా కుట్టుమిషను పని, ఆదివారం పొద్దున మా సంఘంలో సండే స్కూలు. పదకొండేళ్ళ నుంచి పిల్లలకు బైబిలు పాఠాలు చెబుతున్నాను. నాకొక చిక్కు వచ్చింది, కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్న ఆదివారం పాఠం మత్తయి సువార్త 16వ అధ్యాయం. ఫిలిప్పుదైన కైసరయ దగ్గర ప్రభువు తన శిష్యుల్ని "మనుష్యకుమారుడెవడని జనులు చెప్పుకొనుచున్నారు?" అని అడిగే చోటు. కొందరు బాప్తిస్మమిచ్చే యోహాను అంటున్నారు, కొందరు ఏలీయా అంటున్నారు, కొందరు యిర్మీయా అంటున్నారు అని వాళ్ళు చెప్తారు. నేనెప్పుడూ ఆ ముక్క గబగబా చదివేసి, నీవు దేవుని కుమారుడవైన క్రీస్తువని శిష్యుడు పేతురు చెప్పిన జవాబు దగ్గరికి వెళ్ళిపోతాను. ఈసారి బోర్డు మీద పేతురు మాట రాస్తుంటే ఏడో తరగతి పిల్ల ఒకతె లేచింది. "టీచర్, అది అప్పటి జనం కదా. మరి ఇప్పటి జనం ఏమని చెప్పుకుంటున్నారు?"

ఆ పిల్ల అంతటితో ఊరుకోలేదు. వాళ్ళ మేడ మీద వాటాలో ఒక ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆ ఆంటీ యేసు దేవుడు కాడందట, కానీ మళ్ళీ వస్తాడందట. "దేవుడు కాకపోతే మళ్ళీ ఎలా వస్తాడు టీచర్?" అని అడిగింది. ఇంకో అబ్బాయి అందుకున్నాడు. వాడి స్నేహితుడి ఇంట్లో దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం పక్కన గుణదల మేరీమాత పటం ఉందట. వాళ్ళు హిందువులా, మనవాళ్ళా? వెనక బెంచీలోంచి మూడోవాడు, "యూదులే కదా ప్రభువును చంపింది, వాళ్ళేం చెప్తారు ఇంక!" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనేం చెప్పానో తెలుసా? "వాళ్ళు నమ్మరమ్మా, మనం నమ్ముతాం. ప్రార్థన చేసుకుందాం" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది గానీ దాని మొహం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. అడిగిన ప్రశ్నకు తలుపేసిన పంతులమ్మ అయ్యాను. ప్రభువే నోరు తెరిచి "జనం ఏమంటున్నారు" అని అడిగి, శిష్యులు చెప్పేదాకా ఆగి విన్నాడు. నేను ఆగలేదు.

అందుకని అడుగుతున్నాను. వాదానికి కాదు, ఎవర్నీ మార్చడానికీ కాదు. ఆ ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు గానీ, దగ్గర నుంచి చూసినవాళ్ళు గానీ చెప్పండి. మీ ఇంట్లో ఆయన గురించి ఏమని చెప్పుకుంటారు? ఏ మాట దగ్గర మీరు మాతో ఒప్పుకోరు? నా మనసు నొచ్చుకుంటుందని ఆ రెండోది దాచకండి. పిల్లలకు సగం చెప్పడం నాకిష్టం లేదు.

నంద్యాల సోదరి:

అస్సలాము అలైకుమ్ అక్కా. మేడ మీది ఆంటీ రెండు మాటలూ సరిగ్గానే చెప్పింది. ఆ రెండూ కలిపితేనే మా నమ్మకం.

మేం ఆ పేరు వట్టిగా పలకం. ఈసా అలైహిస్సలాం అంటాం, అంటే ఆయనపై శాంతి కలుగుగాక అని. ఖుర్ఆన్‌లో 114 సూరాలు, అంటే అధ్యాయాలు, ఉంటే 19వ సూరాకు ఆయన తల్లి పేరే పెట్టారు, మర్యం అని. ఖుర్ఆన్ మొత్తంలో సొంత పేరుతో కనిపించే ఆడమనిషి ఆవిడొక్కతే. మా ప్రవక్తగారి తల్లి పేరు కూడా అందులో లేదు.

మా వైపు కడుపుతో ఉన్న ఆడపిల్ల దగ్గర మర్యం సూరా చదవడం అలవాటు. నా మొదటి కాన్పుకి ఆస్పత్రిలో రాత్రంతా నొప్పులు పడ్డాను. లేబర్ రూమ్ బయట బెంచీ మీద కూర్చుని మా అమ్మీ అదే చదువుతోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె గొంతు ఒక ముక్క లోపలికి వచ్చేది. దుపట్టా కొంగున నాలుగు ఖర్జూరాలు మూటకట్టి తెచ్చింది. ఎందుకంటే ఆ సూరాలో ఉన్నది అదే. అందులో పశువుల పాక లేదు, యోసేపు లేడు, గొర్రెల కాపరులు లేరు. ఒంటరి ఆడపిల్ల, నొప్పులకు తట్టుకోలేక ఖర్జూరపు చెట్టు మొదలు పట్టుకుంటుంది. "ఇంతకు ముందే చచ్చిపోయుంటే బాగుండేది, అందరూ నన్ను మర్చిపోయుంటే బాగుండేది" అంటుంది. అప్పుడు కింద నుంచి ఒక పిలుపు వినిపిస్తుంది. దిగులు పడకు, నీ కాళ్ళ కింద నీ ప్రభువు ఊట పుట్టించాడు, ఆ చెట్టు మొదలు నీ వైపుకి ఊపు, పండిన పళ్ళు రాలతాయి, తిను, తాగు, కళ్ళు చల్లబడనీ. అక్కా, ఆ రాత్రి నాకు ఆ మాట మర్యంకి చెప్పినట్టు వినపడలేదు, నాకే చెప్పినట్టు వినపడింది.

తర్వాత ఆమె బిడ్డనెత్తుకుని ఊళ్ళోకి వస్తుంది. జనం మాటలంటారు. ఆమె మాట్లాడదు, బిడ్డ వైపు చూపిస్తుంది. ఒళ్ళోని పసిబిడ్డ నోరు తెరిచి మొదట అన్న మాట "నేను అల్లాహ్ దాసుణ్ణి." మీకూ మాకూ దారి వేరయ్యేది అక్కడే. కొడుకుని అనలేదు, దాసుణ్ణి అన్నాడు. మట్టితో పిట్టను చేసి ఊదితే ఎగిరిపోయిందని, గుడ్డివాళ్ళకి చూపు, కుష్ఠురోగులకి స్వస్థత, చచ్చినవాళ్ళకి ప్రాణం ఇచ్చాడని మేమూ నమ్ముతాం. ఖుర్ఆన్ ఆయన్ని మసీహ్ అంటుంది, అంటే మీరనే మెస్సీయ, అల్లాహ్ వాక్కు అంటుంది. తండ్రి లేకుండా పుట్టాడనీ నమ్ముతాం. ఆదముకు తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు కదా, అలాగే ఇదీ అంటుంది. కానీ ప్రతి అద్భుతం వెనకా "అల్లాహ్ అనుమతితో" అనే మాట ఉంటుంది. నమాజులో మా పిల్లలు మొదట నేర్చుకునే చిన్న సూరాల్లో ఒకటి 112వది: ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి ఎవరూ లేరు.

ఇక శిలువ. దీన్ని మెత్తగా చెప్పలేను. 4వ సూరాలో "వాళ్ళు ఆయన్ని చంపలేదు, శిలువ వేయలేదు, వాళ్ళకి అలా అనిపించింది" అని ఉంది. అల్లాహ్ ఆయన్ని తన వైపుకి ఎత్తుకున్నాడు. అందుకే మళ్ళీ వస్తాడు. దమస్కులో తూర్పున తెల్లటి మినారు దగ్గర, ఇద్దరు దేవదూతల రెక్కల మీద చేతులు వేసి దిగుతాడని హదీసు, అంటే మా ప్రవక్తగారు చెప్పినట్టుగా వచ్చిన మాట. అక్కడి ఉమయ్యద్ మసీదులో ఒక మినారుకి ఆయన పేరే ఉంది. అదే మసీదు లోపల మీరు బాప్తిస్మమిచ్చే యోహాను అంటారే, మా యహ్యా అలైహిస్సలాం, ఆయన సమాధి ఉంది. మీ పాప ప్రశ్నకు జవాబు: దేవుడు కాబట్టి రావడం కాదు, దేవుడు పంపితే వస్తాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మక్కాలో హింస భరించలేక మొదటి ముస్లింలు కొందరు సముద్రం దాటి అబిసీనియాకు, అంటే ఇప్పటి ఇథియోపియా వైపుకు, పోయారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. మీరు ఎవర్ని నమ్ముతారని అడిగితే జాఫర్ అనే ఆయన ఈ మర్యం సూరాయే చదివి వినిపించాడు. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడట. మర్నాడు ఈసా గురించి ఏమంటారని అడిగి, జవాబు విని, నేల మీంచి ఒక పుల్ల తీసి, "మీరు చెప్పినదానికీ ఆయనకూ ఈ పుల్లంత కూడా తేడా లేదు" అన్నాడని మా పెద్దలు చెప్తారు. తేడా పుల్లంతే ఉందని నేననను. అయినా ఆ రాజు వాళ్ళని శత్రువులకు అప్పగించలేదు.

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు:

కాశ్మీర్‌లో యేసు సమాధి ఉందంటారు కదా, ముస్లింలు దాన్ని నమ్ముతారా?

నంద్యాల సోదరి:

లేదన్నా. శ్రీనగర్ ఖాన్యార్‌లో రోజాబల్ అనే దర్గా ఉంది. అక్కడున్నది యూజ్ ఆసఫ్ అనే పుణ్యపురుషుడని స్థానికులు అంటారు. ఈసా శిలువ మీంచి బతికి బయటపడి, కాశ్మీర్ వచ్చి ముసలితనంలో చనిపోయారని అహ్మదీయా శాఖను స్థాపించిన మీర్జా గులాం అహ్మద్ రాశారు. అది వాళ్ళ నమ్మకం. మిగతా ముస్లింలు ఒప్పుకోరు. ఆయన ఇంకా చనిపోలేదనేదే మా మాట.

షికాగో భీమవరం:

అక్కా, నేను షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాను. ఊరు భీమవరం, పుట్టింది హిందువుల ఇంట్లో. ఆఫీసులో ఎనిమిదేళ్ళు నా పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన యూదుడు. ఆయన దగ్గర విన్నదీ, ఆయన చదవమంటే చదివిందీ రాస్తున్నాను.

ఒక డిసెంబరులో అడిగాను, యేసు గురించి మీరేమనుకుంటారని. "ఏమీ అనుకోం" అన్నారు. కోపంగా కాదు. మా ప్రార్థనల్లో ఆయన లేడు, పండుగల్లో లేడు, గ్రంథంలో లేడు, మరి ఏమనుకోవాలి అన్నారు. కాసేపటికి తనే మళ్ళీ మొదలెట్టారు: "ఆయనతో మాకు పేచీ లేదు. ఆయన పేరు చెప్పుకుని మా తలుపులు కొట్టినవాళ్ళతోనే." ముందుగా నన్నొక మాట మానుకోమన్నారు. పాత నిబంధన అనే మాట. కొత్తది వచ్చాక అటకెక్కించేదాన్ని పాతది అంటారు, మాకది పాతబడలేదు, దాన్ని తనఖ్ అంటాం అన్నారు.

ఒప్పుకోకపోవడానికి కారణం అడిగితే ఆయన చెప్పింది దేవత్వం గురించి ఒక్క వాక్యమే. "ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." ద్వితీయోపదేశకాండం 6:4. పొద్దునా సాయంత్రం చెప్పుకునేది అదే, చచ్చిపోయే ముందు నోట ఉండాలనుకునేదీ అదే. మనిషి దేవుడు కావడమనే మాట ఆ వాక్యం దగ్గరే ఆగిపోతుంది. మెస్సీయ గురించి మాత్రం గంటసేపు మాట్లాడారు. మెస్సీయ అంటే వాళ్ళకి దావీదు వంశంలో పుట్టే మనిషి, రాజు. ఆయన వచ్చాడనడానికి గుర్తు మన గుండెల్లో కనపడేది కాదు, బయట కనపడాలి. చెదిరిపోయిన ప్రజ తిరిగి చేరాలి, దేవాలయం లేవాలి, యెషయా చెప్పినట్టు కత్తులు నాగటి నక్కులు కావాలి.

1263లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో, ఆరగాన్ రాజు మొదటి జేమ్స్ ఎదుట ఇదే వాదం జరిగింది. ఒకవైపు యూదుల రబ్బీ, అంటే మతగురువు, నహ్మనీదిస్, ఇంకోవైపు యూదుల్లోంచి క్రైస్తవంలోకి మారిన పాబ్లో క్రిస్టియాని. యేసు కాలం నుంచి ఈనాటి దాకా లోకమంతా హింస, దోపిడీ నిండి ఉంది కదా, మెస్సీయ వచ్చాడని ఎలా అనమంటారు అన్నాడు రబ్బీ. అక్కడితో ఆగకుండా రాజు వైపు తిరిగి, ఇక ఎవరూ యుద్ధవిద్య నేర్చుకోకూడదంటే మీకూ ఈ యోధులకూ ఎంత కష్టమో అన్నాడు. రాజు ఆయనకు డబ్బిచ్చి గౌరవంగా పంపాడు. కానీ తర్వాత క్రైస్తవ సన్యాసుల ఒత్తిడికి ఆ రబ్బీ ముసలితనంలో దేశం వదిలి పోవాల్సొచ్చింది.

క్రిస్మస్‌కి మీరు చదివే యెషయా 7:14 "కన్యక గర్భవతియై" కూడా ఆయన వేరుగా చదువుతారు. హీబ్రూలో అక్కడున్న మాట అల్మా, అంటే యువతి. కన్య అని తేల్చి చెప్పడానికి బెతులా అనే వేరే మాట ఉందంటారు. అలాగని యూదులందరూ ఒక్క తీరుగా మాట్లాడరు. 12వ శతాబ్దంలో మైమోనిదీస్ అనే యూదు పండితుడు యేసు మెస్సీయ కాదని గట్టిగా రాస్తూనే, క్రైస్తవం, ఇస్లాం రెండూ దూరదూర ద్వీపాల దాకా తోరా (మోషే ధర్మశాస్త్రం) మాటలు చేర్చి అసలు మెస్సీయకు దారి చదును చేస్తున్నాయన్నాడు. చాలా ప్రతుల్లో సెన్సారువాళ్ళు ఆ భాగమే కోసేశారు. 20వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ యేసును నా పెద్దన్న అన్నాడు.

ఇప్పుడు మీ వెనక బెంచీ అబ్బాయి మాట. అక్కా, అది వచ్చే ఆదివారం తప్పకుండా సరిచేయండి, బతిమాలుతున్నాను. శిలువ రోమన్ల శిక్ష, ఆజ్ఞ ఇచ్చింది రోమన్ అధికారి పిలాతు. యేసు యూదుడు, ఆయన తల్లి యూదురాలు, పేతురు యూదుడు. "యూదులు చంపారు" అన్న ఆ ఒక్క మాట మీద యూరప్‌లో గుడ్ ఫ్రైడే వచ్చిందంటే యూదుల ఇళ్ళు తలుపులేసుకునేవి. మా పెద్దాయన వాళ్ళమ్మ పోలండ్ పిల్ల. ఆ రోజు వీధిలోకి రానిచ్చేవారు కాదట ఆమెను. 1965 అక్టోబరు 28న కాథలిక్ సంఘం పెద్దల రెండో వాటికన్ మహాసభ, ఆనాటి యూదులందరి మీదా, ఈనాటి యూదుల మీదా ఆ నేరం మోపకూడదని ప్రకటించింది. అప్పటికి యూరప్‌లో 60 లక్షల మంది యూదులు హత్యకు గురై ఇరవై ఏళ్ళయింది.

ఆయన రిటైరయ్యే ముందు నన్ను షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళారు, ఒక్క బొమ్మ చూపించడానికి. మార్క్ షగాల్ 1938లో గీసిన తెల్లటి శిలువ బొమ్మ. షగాల్ యూదుడు. చుట్టూ ఊళ్ళు తగలబడుతున్నాయి, సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) మంటల్లో ఉంది, పడవ నిండా కాందిశీకులు, కింద ఒక తల్లి బిడ్డను గుండెకి అదుముకుని పరిగెడుతోంది. మధ్యలో శిలువ మీద యేసు. తల మీద ముళ్ళ కిరీటం లేదు, గుడ్డ చుట్టి ఉంది. నడుముకి చుట్టింది మామూలు గుడ్డ కాదు, నల్ల చారలున్న తెల్ల శాలువా, యూదులు ప్రార్థనకి కప్పుకునే తాలిత్. "చూశావా, వీధిలో తరుముతున్న మాలో ఒకడిగా గీశాడు" అన్నారు పెద్దాయన. చాలాసేపు నిలబడ్డారు. నాకు తెలిసి ఆయన నోట యేసు మీద జాలిగా వచ్చిన మాట అదొక్కటే.

చేబ్రోలు వాసి:

టీచరుగారూ, యూదుల కోసం షికాగో దాకా పోనక్కర్లేదు. మీకు దగ్గర్లోనే, మా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు. వాళ్ళ పెద్దలు బాప్టిస్టు సంఘంలో ఉండేవారు. తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటూ ముప్పై ఏళ్ళకు పైగా యూదులుగా బతుకుతున్నారు. సినగాగ్ ఉంది, శనివారం విశ్రాంతి దినం, హీబ్రూ ప్రార్థనలు. శిలువ ఉండదు. తాతలు పాడిన క్రీస్తు కీర్తనలు తెలియకేం కాదు, తెలిసే పక్కన పెట్టారు.

దోమలగూడ తాతయ్య:

అమ్మా టీచరమ్మా, నాకు 74. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. పుట్టింది కోనసీమ అగ్రహారంలో, ఉండేది హైదరాబాదులో. హిందువులు ఏమంటారని అడిగావు. హిందువులందరూ కలిసి అనేది ఏదీ ఉండదు తల్లీ. రెండు రకాలు నేను చూశాను, రెండూ చెప్తాను.

ఇక్కడ దోమలగూడ రామకృష్ణ మఠంలో ఏటా డిసెంబరు 24 సాయంత్రం యేసు పటం అలంకరించి, కొవ్వొత్తులు వెలిగించి, కేకు నైవేద్యం పెట్టి, బైబిల్ చదువుతారు. మొదటిసారి చూసినప్పుడు విడ్డూరంగా అనిపించింది. దీని వెనక కథ ఉంది. 1874లో శ్రీరామకృష్ణులు దక్షిణేశ్వరం పక్కన యదు మల్లిక్ తోటబంగళాలో గోడ మీద మేరీమాత ఒళ్ళో బాలయేసు బొమ్మ చూస్తూ కూర్చున్నారు. బొమ్మ లోంచి వెలుగు కదిలి తనలోకి వచ్చినట్టయింది. మూడు రోజులు కాళీ గుడికి వెళ్ళలేకపోయారు. కాళి తప్ప లోకం లేని మనిషి! ఆయన పోయిన ఏడాదే, 1886 డిసెంబరులో, ఆంట్‌పూర్ అనే ఊళ్ళో వివేకానందులు, తోటి శిష్యులు రాత్రి ధుని చుట్టూ కూర్చుని యేసు త్యాగం గురించి మాట్లాడుకుని సన్యాసానికి సంకల్పం చెప్పుకున్నారు. అది క్రిస్మస్ ముందురాత్రి అని తర్వాత గానీ తెలియలేదట.

అంటే మాకు ఆయన్ని దేవుడనడం కష్టం కాదమ్మా. ముస్లింలకీ యూదులకీ అడ్డమొచ్చే చోట మాకు అడ్డు లేదు. దేవుడు మనిషిగా దిగిరావడం రాముడు, కృష్ణుడు అలవాటు చేసిన మాట. మాకు అడ్డం పడేది "ఒక్కడే" అన్నమాట. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అన్న చోట మావాళ్ళు ఆగిపోతారు. గాంధీగారు లండన్‌లో చదువుకునే రోజుల్లో కొండమీది ప్రసంగం చదివి అది సూటిగా గుండెలోకి దిగిందన్నారు. 1931లో వాటికన్ వెళ్ళి శిలువ ముందు నిలబడి కంటతడి పెట్టారు. అయినా యేసు ఒక్కడే దేవుని కుమారుడంటే ఒప్పుకోలేదు. దేవుడికి కొడుకులుంటే మనమందరం కొడుకులమే అన్నారు. ఛాందోగ్య ఉపనిషత్తులో "ఏకమేవాద్వితీయం" అని ఉంది. రెండోది లేనిదాంట్లో ఒకడే కొడుకు, మిగతావాళ్ళు వేరు అనడం మాకు పట్టుపడదు. ఇక ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి లాంటివారు బైబిల్‌ను గట్టిగానే ఖండించారు. మతం మార్చేస్తున్నారని కోపంగా మాట్లాడేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. నీతో దాచనెందుకు.

ఇప్పుడు రెండోది. మా నాయనమ్మ గుణదల మొక్కు తీర్చింది. మా బాబాయికి టైఫాయిడ్ తగ్గితే ఫిబ్రవరి ఉత్సవాలకి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిప్పించి, మేరీమాత పటం తెచ్చి దేవుడి గదిలో పెట్టింది. రోజూ దానికీ కుంకుమ బొట్టే. మీ అబ్బాయి అడిగిన పటం లాంటిదే. హిందువులా క్రైస్తవులా అంటే, హిందువులే నాన్నా. కడుపున పుట్టిన బిడ్డ కోసం ఏ అమ్మ దగ్గరికైనా వెళ్ళే హిందువులు.

ఆ రోజుల్లోనే నాకు లెక్కలు చెప్పడానికి ఒక మాస్టారు వచ్చేవారు. మాలపల్లి క్రైస్తవులు. తెల్ల చొక్కా, చేతిలో నల్ల అట్ట బైబిలు. ఆయన మా అరుగు చివర కూర్చునేవారు, నేను మధ్యలో పలకతో. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆయనకని విడిగా ఒక సత్తుగ్లాసు అరుగు చూరులో బోర్లించి ఉండేది. ఆయన తాగాక ఆయనే కడిగి మళ్ళీ అక్కడే బోర్లించేవారు. నాయనమ్మ పటానికి బొట్టు పెట్టి బయటికొచ్చి ఆ గ్లాసులో పైనుంచి నీళ్ళు పోసేది. యేసు తల్లికి దేవుడి గదిలో చోటు దొరికింది, యేసుని నమ్మిన మాస్టారికి అరుగు చివరే. నాకప్పుడు పదేళ్ళు, తప్పనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది. యేసు గురించి మేమేమంటామో మఠంలో చెప్పిన జవాబు ఒకటి, మా అరుగు మీద చెప్పిన జవాబు ఇంకొకటి. మీ పిల్లల్లో చాలామందికి వాళ్ళ ఇళ్ళలో రెండోదే బాగా తెలిసి ఉంటుంది. అది వదిలేసి వివేకానందుల కథొక్కటే చెప్తే నేను అబద్ధం చెప్పినట్టు.

అనంతపురం నుంచి:

ఒక చిన్న మాట. ఫతేపూర్ సిక్రీ వెళ్ళినవాళ్ళు బులంద్ దర్వాజా కింద ఫోటో దిగి వచ్చేస్తారు. దాని మీద పారసీలో చెక్కిన మాట ఇది: మర్యం కుమారుడు ఈసా చెప్పాడు, లోకం ఒక వంతెన, దాటిపో, దాని మీద ఇల్లు కట్టుకోకు. నాలుగు సువార్తల్లో ఈ మాట లేదు, ముస్లింలు తరతరాలుగా ఆయన మాటగా చెప్పుకుంటూ వచ్చారు. అక్బరు మసీదుకి వెళ్ళే ద్వారం మీద అది చెక్కారంటే ఆ పేరుకి ఉన్న విలువ చూడండి.

తెనాలి టీచర్:

అందరికీ వందనాలు. చెల్లీ, తమ్ముడూ, చేబ్రోలు అన్నా, అనంతపురం వారూ, తాతయ్యగారూ, మీరు రాసినవన్నీ రాత్రి మిషను ఆపి రెండుసార్లు చదివాను. తాతయ్యగారూ, మా నాన్న కూడా బడిపంతులే. ఇంతకన్నా రాయలేను.

నిన్న ఆదివారం పావుకిలో ఖర్జూరాలు కొని పట్టుకెళ్ళాను. ముందు మర్యం చెట్టు మొదలు పట్టుకున్న కథ చెప్పాను. పిల్లలు చప్పుడు చేయకుండా విన్నారు. తర్వాత శిలువ దగ్గర ముస్లింలు ఒప్పుకోరని కూడా చెప్పాను. నేను నమ్మేది అదే మాట మీద నిలబడి ఉందనీ, ఆయన నా పాపాల కోసం చనిపోయాడని నమ్ముతాననీ వాళ్ళ ముందే చెప్పాను. మొదట లేచి అడిగిన పిల్ల మిగిలిన ఖర్జూరాలు కాగితంలో చుట్టుకుని మేడ మీది ఆంటీకి పట్టుకెళ్ళింది. ఆవిడ దాన్ని కూర్చోబెట్టి ఆ సూరా అరబ్బీలో చదివి వినిపించిందట. అర్థం కాలేదు గానీ పాటలా ఉంది టీచర్ అని సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పింది.

ఇంకొకటి నాకు నేనుగా కనిపించింది. తమ్ముడు రాసిన ద్వితీయోపదేశకాండం వాక్యంలో దేవుడు "అద్వితీయుడు." తాతయ్యగారి ఉపనిషత్తులోనూ "అద్వితీయం." చెల్లి చెప్పిన సూరాలోనూ సాటి లేనివాడనే. నేను చిన్నప్పుడే కంఠతా పట్టిన యోహాను 3:16 తెరిస్తే మా తెలుగు బైబిల్లో "అద్వితీయకుమారునిగా" అని ఉంది. అదే మాట. మీరందరూ దేవుడికి వాడుతున్న మాటను మేం ఆ కుమారుడికి వాడుతున్నాం. ఇన్నేళ్ళు చెప్తూ నేను చూడనే లేదు. బోర్డు మీద నాలుగు వాక్యాలూ రాసి ఆ మాట కింద గీత గీశాను, వేరే ఏమీ చెప్పలేదు.

వెనక బెంచీ అబ్బాయికి యూదుల గురించి సరిచేశాను. వాడు బాగా ఆలోచించి అడిగాడు, "మరి గుడ్ ఫ్రైడే నాటకంలో మేం యూదుల వేషాలేసి 'సిలువ వేయుము' అని అరుస్తాం కదా టీచర్, ఇంక అరవొద్దా?" ఆ వేషాల బట్టలు కుట్టింది నేనే తమ్ముడూ. యూదులకేమో నల్ల అంగీలు, ప్రభువుకీ శిష్యులకీ తెల్లవి. వాళ్ళంతా ఒకే ప్రజ అన్నట్టు ఎక్కడా కుట్టలేదు. ఈసారి నాటకం నేను రాసిస్తానని పాస్టరుగారిని అడిగాను, చూద్దామన్నారు.

మీ పెద్దాయన్ని ఒకటి అడిగి చెప్పు. రక్తస్రావం గల స్త్రీ ముట్టుకున్న ప్రభువు వస్త్రపు చెంగు, సంఖ్యాకాండంలో బట్టల అంచులకి కట్టుకోమన్న కుచ్చులేనా? ఆ దారాలు ఎన్ని పోగులు, ఎలా ముడేస్తారు? ప్రభువు వేషం వేసే పిల్లాడికి ఆ తాలిత్ శాలువా ఒకటి కుట్టాలనుంది. అలా కుట్టి నాటకంలో కప్పితే మీ పెద్దాయనకి కష్టంగా ఉంటుందేమో, ముందు అది అడుగు.